కొత్త కారుకు మొదటి పొల్యూషన్ సర్టిఫికెట్ ఎప్పుడో మీరైనా చెప్పండి: రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇదే సంగతి మీద ఇంతకుముందు ఇచ్చిన వినతిపత్రాల మీద ఇన్‌వార్డ్ ముద్రలు బాగానే పడ్డాయి. జవాబు మాత్రం రాలేదు. అందుకే ఈసారి నలుగురికీ కనబడేలా రాస్తున్నాం.

పొల్యూషన్ సర్టిఫికెట్ అంటే ఏమిటో, ఎందుకో మీకు చెప్పే సాహసం చేయం. మా గోడు ఒక్కటే. కొత్త కారు కొన్నవాళ్లు మొదటి సర్టిఫికెట్ ఏ తేదీలోగా తీసుకోవాలి, తీసుకున్నాక అది ఎన్నాళ్లు చెల్లుతుంది? ఈ రెండు ప్రశ్నలకు హైదరాబాద్‌లో షోరూంలో ఒక జవాబు, బంకు పక్కన ఆగిన పొల్యూషన్ వ్యాన్‌లో ఒక జవాబు, బీమా ఏజెంటు దగ్గర ఒక జవాబు, చౌరస్తాలో చలాన్ మిషన్ పట్టుకున్న ఆయన దగ్గర ఇంకో జవాబు.

నిబంధనలో అయితే తికమకేమీ లేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 115వ నిబంధన ఏడో ఉపనిబంధన చూడండి. బండి మొదట రిజిస్టర్ అయిన తేదీ నుంచి ఏడాది నిండాకే సర్టిఫికెట్ ఉండాలి. ఆ తర్వాత తీసుకున్నది పాత బండ్లకు ఆరు నెలలు, బీఎస్-4, బీఎస్-6 (భారత్ స్టేజ్ అనే పొగ ప్రమాణాలు, అంకె పెరిగేకొద్దీ కఠినం) బండ్లకు పన్నెండు నెలలు చెల్లుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త కార్లన్నీ బీఎస్-6 ప్రమాణానివే. కరెంటు కార్లకు పొగే లేదు కాబట్టి వాటిని పక్కన పెడదాం. మిగిలిన ఏ కొత్త కారుకైనా మొదటి ఏడాది ఏమీ అక్కర్లేదు, ఆ పైన ఏడాదికోసారి. అంతే.

ఇంత సులువైన లెక్క రోడ్డెక్కేసరికి ఎందుకు చెడుతోందో చెబుతాం. డెలివరీ రోజున షోరూంలో చేతిలో పెట్టే ఫైలు ఒకటి తెప్పించుకుని చూడండి మంత్రి గారూ. అమ్మకం సర్టిఫికెట్ అయిన ఫారం 21లో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. ఇన్‌వాయిస్ మీద ఒక తేదీ, బీమా పాలసీ మీద ఒక తేదీ, టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) మీద ఒక తేదీ, చివరికి ఆర్సీ మీద ఇంకో తేదీ. డిసెంబరులో తయారైన కారును మార్చి ఆఖరులో కొని, టీఆర్ మీద తిప్పి, ఫ్యాన్సీ నంబరు వేలం కోసం ఆగి ఏప్రిల్ చివర్లో పర్మనెంట్ నంబరు వేయించుకున్నారనుకోండి. ఏడాది ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి? షోరూం కుర్రాడు డెలివరీ నుంచి అంటాడు. బీమా ఏజెంటు పాలసీ తేదీ నుంచి అంటాడు. వ్యాన్‌లో కూర్చున్న అబ్బాయి ఆర్సీ మీద తయారీ సంవత్సరం చూసి, పోయినేడాది బండి సార్, ఎప్పుడో అయిపోయింది అంటాడు. ‘మొదట రిజిస్టర్ అయిన తేదీ’ అంటే టీఆర్ తేదీయా, పర్మనెంట్ నంబరు పడిన తేదీయా అన్నది మీ శాఖ ఒక్క వాక్యంలో తేల్చేయగలదు. ఆ ఒక్క వాక్యం కోసమే ఈ లేఖంతా. బెంగళూరులో రిజిస్టర్ అయ్యి ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) మీద ఇక్కడికి వచ్చి టీజీ నంబరు వేయించుకున్న కార్ల సంగతీ అదే వాక్యంలో చేర్చండి. వాటికి మొదటి రిజిస్ట్రేషన్ అక్కడిదే కదా. ఇక్కడ కొత్త నంబరు పడింది కదా అని గడువు మళ్లీ మొదలైందనుకుని తిరుగుతున్నవాళ్లూ ఉన్నారు.

మొదటి ఏడాదిలోనే పొల్యూషన్ ఏదని అడిగే తనిఖీలు వేరే. నంబరు కొడితే సర్టిఫికెట్ వివరాల చోట ఖాళీ కనిపిస్తుంది. ‘ఇంకా అక్కర్లేదు’ అన్నా ఖాళీయే, ‘తీసుకోలేదు’ అన్నా ఖాళీయే. తనిఖీ చేసే ఆయన రెండో అర్థమే తీసుకుంటే తప్పు పట్టలేం, ఆయనకు తెర మీద చూపించినది అంతే. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద జరిమానా పదివేల దాకా ఉందని అందరికీ తెలుసు కాబట్టి, ఎందుకొచ్చిన గొడవ అని మూడు నెలల కారుకు కూడా వ్యాన్ దగ్గర డబ్బు కట్టి కాగితం తెచ్చుకుంటున్నారు. అసలు ఆ కారుకు పొగ ధ్రువీకరణ పుట్టుకతోనే ఉంది. తయారీ కంపెనీ ఇచ్చే ఫారం 22 అంటే ఆ ధ్రువీకరణే కదా. పైగా ముందు అద్దం మీది హై సెక్యూరిటీ స్టిక్కర్ పైన ఆకుపచ్చ పట్టీ ఉంటే అది బీఎస్-6 కారు. స్టిక్కర్ లేత నీలం అయితే పెట్రోలు లేదా సీఎన్‌జీ, నారింజ అయితే డీజిల్. పది అడుగుల దూరం నుంచే తెలిసిపోయేలా ఇంత ఏర్పాటు చేసి, దాన్ని చదవడం మాత్రం ఎవరికీ నేర్పలేదు.

ఇక రెన్యువల్. అసలు బాధ ఇక్కడే. బీఎస్-6 కారుకు ఆరు నెలల సర్టిఫికెట్ చేతిలో పెట్టే వ్యాన్లు ఉన్నాయి. ఇదేమిటని అడిగితే, సిస్టమ్‌లో అంతే వస్తుంది సార్ అంటారు. సిస్టమ్‌లో దానంతట అదే రాదు. తెలంగాణ బండ్ల వివరాలు చాలాకాలం దేశంలోని బండ్ల రికార్డులుండే కేంద్రం వాహన్ డేటాబేస్‌లో లేవు, మన రాష్ట్రానిది వేరే లెక్కగా ఉండేది. కారు ఏ ప్రమాణానిదో ఆపరేటర్ చేత్తో ఎంచుకునే చోట, పైన కనబడిన పాత ప్రమాణాన్ని నొక్కేస్తే గడువు సగానికి పడిపోతుంది. గడువు ఒక్కటే కాదు, హద్దులు కూడా మారిపోతాయి. బీఎస్-4, బీఎస్-6 పెట్రోలు కారుకు ఐడ్లింగ్‌లో (బండి ఆగి ఇంజిన్ నడుస్తుండగా) కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం (పది లక్షల్లో 200 వంతులు) మించకూడదు. బీఎస్-2, బీఎస్-3 కార్లకైతే 0.5 శాతం, 750 పీపీఎం దాకా వదిలేస్తారు. కొత్త ప్రమాణానికి ఇంజిన్‌ను 2500 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర పట్టి రెండో పరీక్ష చేయాలి. అందులో కార్బన్ మోనాక్సైడ్ 0.2 శాతం లోపు, లాంబ్డా (గాలి, ఇంధనం కలిసే పాళ్ల లెక్క) 0.97 నుంచి 1.03 మధ్య ఉండాలి. పాత ప్రమాణం నొక్కితే ఈ రెండో పరీక్షే ఉండదు, పని త్వరగా తేలిపోతుంది. ఒక్క తప్పు నొక్కుడుతో యజమానికి ఆరు నెలలు పోయాయి, పొగ ఎక్కువ వదిలే కారు తప్పించుకుంది, వ్యాన్‌కు ఏడాదికి ఒక గిరాకీ బదులు రెండు గిరాకీలు వచ్చాయి. ఇందులో ప్రభుత్వానికి ఏం మిగిలిందో మాకు తోచడం లేదు.

గడువుకు ముందే జాగ్రత్తపడి పరీక్ష చేయించుకున్నవాళ్లకు ఇంకో బహుమతి. కొత్త సర్టిఫికెట్ పరీక్ష చేసిన రోజు నుంచే మొదలవుతుంది, పాతదానిలో మిగిలిన రోజులు గోవిందా. బీమా అలా కాదు, పది రోజులు ముందు కట్టినా పాత పాలసీ ముగిసిన మర్నాటి నుంచే కొత్తది మొదలవుతుంది. ఇక్కడ ముందు వెళ్తే రోజులు పోతాయి, ఆలస్యమైతే చలాన్. కాబట్టి అందరూ చివరి రోజు దాకా ఆగుతారు, ఆ చివరి రోజు ఆదివారమో పండగో అవుతుంది, వ్యాన్ రాదు.

గడువు దగ్గర పడిందని ఎస్సెమ్మెస్ రావాలి కదా అంటారేమో. 2021 జూన్‌లో కేంద్రం దేశమంతటికీ ఒకే రకం సర్టిఫికెట్ తెచ్చినప్పుడు క్యూఆర్ కోడ్‌తో పాటు యజమాని మొబైల్ నంబరు కూడా తప్పనిసరి చేసింది ఇందుకోసమే. ఆ గడిలో తన నంబరో, నోటికొచ్చిన పది అంకెలో కొట్టేసే ఆపరేటర్లు ఉన్నంతకాలం ఎస్సెమ్మెస్‌లు ఎవరికి వెళ్తాయో మీరే ఊహించండి. యజమాని ఫోనుకు ఓటీపీ వస్తే తప్ప సర్టిఫికెట్ ముద్ర పడకూడదన్న చిన్న తాళం ఒకటి వేయిస్తే చాలు. అదే ఉత్తర్వులో ఫెయిలైన బండికి కారణం రాసిన తిరస్కరణ చీటీ ఇవ్వాలని కూడా ఉంది. ఆ చీటీ చూసినవాళ్లు మాకింతవరకు ఎదురుపడలేదు. మన ఊళ్లో ఫెయిలయ్యే కార్లే లేవు కాబోలు.

ఎందుకు లేవో కూడా చెప్పాలి. పరీక్ష చేయాల్సిన పద్ధతి ఇది. బండి పది, పదిహేను నిమిషాలు నడిచి ఇంజిన్, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కి ఉండాలి. చల్లటి కన్వర్టర్ పని చేయదు, నిక్షేపంలాంటి కొత్త కారు కూడా అప్పుడు ఎక్కువ చూపిస్తుంది. ఏసీ, లైట్లు ఆపాలి. మిషన్ ముందు మామూలు గాలితో సున్నాకు రావాలి. గొట్టం సైలెన్సర్‌లోకి దాదాపు అడుగు లోపలికి దూరాలి. రీడింగ్ కుదురుకునే దాకా ఆగాలి. మరి జరుగుతున్నదేమిటి? చాలా చోట్ల నంబర్ ప్లేట్ ఫోటో తీస్తారు, గొట్టం నేల మీదే ఉంటుంది. జ్వరం చూడకుండా థర్మామీటర్‌కు ఫోటో తీసినట్టు. పెట్టినా నాలుగు వేళ్ల లోతున పెడతారు, బయటి గాలి కలిసిపోయి అన్నీ తక్కువ చూపిస్తాయి. గొట్టానికి చిల్లు ఉన్నా, ఫిల్టర్ మూసుకుపోయినా, నీరు చేరే గిన్నె నిండినా అదే గతి.

దీన్ని పట్టుకోవడం కష్టమా అంటే కాదు. పెట్రోలు ఇంజిన్ సరిగ్గా మండుతుంటే కార్బన్ డయాక్సైడ్, మోనాక్సైడ్ కలిపి సుమారు 14, 15 శాతం ఉంటాయి. అది ఏడో ఎనిమిదో చూపించి, ఆక్సిజన్ పది దాటితే మిషన్ పీల్చింది పొగ కాదు, రోడ్డు మీది గాలి. లాంబ్డా కూడా ఒకటి దగ్గర ఉండకుండా పైకి ఎగిరిపోతుంది. మిషన్ దగ్గర ఈ అంకెలన్నీ ఉంటాయి. లెక్క కుదరకపోతే సర్టిఫికెట్ రాకుండా సర్వర్ దగ్గరే ఆపేయవచ్చు. ఏ వ్యాన్ నుంచి ఎన్ని నిమిషాలకు ఒక సర్టిఫికెట్ వస్తోందో చూసినా చాలు. రెండు నిమిషాలకొక బీఎస్-6 కారు పాసవుతుంటే అక్కడ రెండు దశల పరీక్ష జరగడం లేదని వేరే చెప్పాలా?

హైబ్రిడ్ కార్ల సంగతి ఇంకా విడ్డూరం. బ్యాటరీలో చార్జ్ ఉంటే ఆగి ఉన్నప్పుడు వాటి ఇంజిన్ ఆగిపోతుంది. గొట్టం శుద్ధమైన గాలి పీల్చి 0.00 చూపిస్తుంది, సర్టిఫికెట్ వచ్చేస్తుంది. ఇంజిన్ ఆగకుండా నడిపించే మెయింటెనెన్స్ మోడ్ కంపెనీలు పెట్టే ఉంచాయి, ఒక్కో మోడల్‌కు ఒక్కో పద్ధతి. అది వ్యాన్‌లోని అబ్బాయికి ఎవరు చెప్పాలి? షోరూం సర్వీసు సెంటర్లలోనే ఈ పరీక్షకు అనుమతి ఇచ్చి సర్వీసుతో పాటు చేయిస్తే తీరిపోయే పని ఇది.

బీమా గురించి రెండు ముక్కలు. పొల్యూషన్ లేకుండా పాలసీ రెన్యువల్ చేయొద్దన్న 2017 ఆగస్టు నాటి సుప్రీంకోర్టు షరతు 2024 జులైలో తొలగిపోయింది. సర్టిఫికెట్ లేదన్న కారణంతో క్లెయిమ్ ఆపకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లోనే స్పష్టం చేసింది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్నది మన ఊళ్లోనే. అయినా ఇప్పటికీ మన ఊళ్లోనే ఈ పేరు చెప్పి జనాన్ని భయపెడుతున్నారు.

మంత్రి గారూ, మేము సర్టిఫికెట్ వద్దనడం లేదు. సరైన పరీక్ష చేసి, సరైన గడువు ఇచ్చి, సరైన తేదీ చెప్పమంటున్నాం. మొదటి ఏడాది ఏ తేదీ నుంచో సర్క్యులర్ ఇవ్వండి. మీ శాఖ యాప్ ఆర్టీఏ ఎం-వాలెట్‌లో ఆర్సీ తెరవగానే మొదటి పొల్యూషన్ గడువు తేదీ కనబడేలా చేయించండి. అప్పుడు తనిఖీ చేసే ఆయనతో వాదన ఉండదు, ఖాళీ గడికి రెండు అర్థాలూ ఉండవు. కారు ప్రమాణం ఆపరేటర్ ఎంచుకునేది కాకుండా రిజిస్ట్రేషన్ రికార్డు నుంచి దానంతట అదే రావాలి. బీఎస్-6 కారుకు ఆరు నెలలే ఇచ్చిన సర్టిఫికెట్లను మళ్లీ డబ్బు అడగకుండా పన్నెండు నెలలకు సరిదిద్దండి. ముందుగా వచ్చినవాళ్ల మిగులు రోజులు కొత్తదానికి కలపండి.

ఇవన్నీ ఒకేసారి కుదరవంటే ఆ సర్క్యులర్ ఒక్కటైనా ముందు ఇప్పించండి. ఒక కాపీ ప్రతి షోరూంకు, ఒక కాపీ ప్రతి పొల్యూషన్ వ్యాన్‌కు, ఒక కాపీ ట్రాఫిక్ పోలీసులకు పంపించండి. వ్యాన్ తలుపు మీద ధరల పట్టిక పక్కనే దాన్ని తెలుగులో, ఉర్దూలో అతికించమనండి.

ఇట్లు,
హైదరాబాద్‌లోని కొందరు కారు యజమానులు, మెకానిక్‌లు