మంత్రి గారూ, ఆ డ్రమ్ము చారల్ని ఒక్కసారి స్కేలుతో కొలిపించండి

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

విశాఖపట్నంలో కంటి పరీక్షలు చేసే ఆప్టోమెట్రిస్టులం రాస్తున్నాం. వైకల్య పింఛను తనిఖీల్లో తిప్పే చారల డ్రమ్ము సంగతి మీద అర్జీలు పెట్టిన ప్రతిసారీ ‘పరిశీలనలో ఉంది’ అని ఫోన్‌కు మెసేజ్ వస్తోంది. పరిశీలించడానికి కావలసింది ఒక స్కేలు, ఒక టేపు మాత్రమే, అయ్యా.

వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం తనిఖీల్లో చూపు లేదన్నవాళ్ల ముందు చారల డ్రమ్ము తిప్పుతున్నారు. మంచి పద్ధతే. చారలు కనిపిస్తే కన్ను వాటి వెంట మెల్లగా సాగి, చటుక్కున వెనక్కి దూకుతుంది. ఇది నటిస్తే వచ్చేది కాదు. కానీ దాంతో తేలేది ఆ చార కనిపించిందన్నంత వరకే.

ఇక్కడి శిబిరంలో తిప్పే డ్రమ్ము మీద చార వెడల్పు 2 సెంటీమీటర్లు. పట్టుకునేది అర మీటరు దూరంలో. లెక్క కడితే కంటి దగ్గర చార చేసే కోణం దాదాపు 137 నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు నిమిషం). 6/6 అనే మామూలు చూపుకు సరిపోయే చార 1 నిమిషం, 6/60కి (మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చూసేది 6 మీటర్లకు వస్తే గానీ కనబడని చూపు) 10, 3/60కి 20. అంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం అంధత్వానికి గీసిన 3/60 గీత కంటే ఈ చార ఏడు రెట్లు లావు! 1/60 చూపున్న మనిషికే 60 నిమిషాల చార తెలుస్తుంది. ఆ కళ్లు ఈ డ్రమ్ముకు కదలకపోతేనే వింత. కదిలాయి కనుక ‘నటన’ అని రాసేసి, నెలకు 6,000 రూపాయల పింఛను ఆపేస్తే ఆ మనిషి ఎవరికి చెప్పుకోవాలి? ఈ చార కనిపిస్తే చూపున్నట్టే అయితే, గోడ కనిపించినవాళ్లకు 6/6 రాసివ్వండి.

కళ్లు కదలకపోతే గుడ్డితనమనీ కాదు. డ్రమ్ము పక్కన కదలని వస్తువు మీద చూపు నిలిపినా కదలిక ఆగిపోతుంది. మాట వినని చిన్నపిల్లలు అటు చూడనే చూడరు. పుట్టుకతో కళ్లు అదిరేవాళ్లకు ఈ పరీక్షతో ఏమీ తేలదు. మరోవైపు, లేజీ ఐ (చిన్నప్పుడే ఒక కంటి చూపు సరిగా ఎదగకపోవడం) ఉన్నవాళ్లకు అక్షరాల కంటే చారలే మెరుగ్గా తెలుస్తాయి.

డ్రమ్ము బదులు టీవీ తెర పెడదామన్న మాట కూడా వినబడుతోంది. 60 హెర్ట్జ్ తెర (సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చేది) మీద 6/60 చారలు సెకనుకు 10 డిగ్రీలు దాటితే వెనక్కి పరిగెడుతున్నట్టు కనిపిస్తాయి. 6/18 చారలకైతే ఆ హద్దు 3 డిగ్రీలే. అచ్చేసిన కాగితానికి ఆ తంటా లేదు.

1 మీటరు దూరానికి 5.8, 2.9, 0.87 మిల్లీమీటర్ల చారలు అచ్చేయించి డ్రమ్ముకు చుట్టండి: వరసగా 3/60, 6/60, 6/18. దూరం టేపుతో కొలవాలి. అద్దాలు పెట్టించాలి, ఒక కన్ను మూయాలి, లావు చారతో మొదలెట్టి రెండు దిక్కులా తిప్పాలి, కదలిక ఫోన్లో వీడియో తీయాలి. అప్పుడు కూడా అది అంచనాయే. దాన్నొక్కదాన్నే పట్టుకుని పింఛను తీసేయకండి. తీసేసినవాళ్లను మళ్లీ పిలిపించండి. పిలిపిస్తారా? కనీసం ఆ చార కొలిపిస్తారా?

ఇట్లు
విశాఖపట్నం ఆప్టోమెట్రిస్టులు కొందరు