దోమ చావడం లేదు, మంత్రి గారూ

గౌరవనీయులైన వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. వంశధార ఎడమ కాలువ కింద, నరసన్నపేట వైపు వరి పండించుకునే రైతును. వరి దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే పురుగు, సుడిదోమ గురించి ఇప్పటికి మూడు అర్జీలు పెట్టాను. రశీదులు ఉన్నాయి, జవాబే లేదు. అందుకే అందరి ముందూ రాస్తున్నాను.

నిరుడు స్వర్ణ రకం వరి చేను పాలు పోసుకునే వేళ దుబ్బు విడదీసి చూస్తే మొదట్లో కాండం కనబడలేదు, అంత దట్టంగా దోమ. షాపులో ఇమిడాక్లోప్రిడ్ ఇచ్చారు, కొట్టాను. మూడో రోజు దుబ్బు తడితే నీళ్ల మీద రాలిన దోమ మళ్లీ ఎగిరి కాండం ఎక్కింది. కొత్త మందని థయామిథాక్సామ్ ఇచ్చారు. అదీ అంతే. ఆ తర్వాత వేరే పేరు, వేరే రంగు సీసా. ఇంటికొచ్చి చిన్నక్షరాలు మా అబ్బాయి చేత చదివిస్తే అందులోనూ ఇమిడాక్లోప్రిడే! అప్పటికి చేను నడుమ సుడులు సుడులుగా ఎండిపోయింది. అప్పు తెచ్చిన డబ్బండి అది.

తర్వాత తెలిసింది, ఈ మందులన్నీ నియోనికోటినాయిడ్లనే ఒకే గ్రూపువని, దోమ నరాల మీద ఒకే చోట పనిచేస్తాయని. మందును ఒంట్లోనే విరిచేసుకునే దోమలు కొన్ని ముందే ఉంటాయి. మిగతావి చచ్చాక అవే గుడ్లు పెడతాయి. నెల తిరిగేసరికి కొత్త తరం. మళ్లీ అదే మందు కొడితే మొండి దోమను మన చేత్తో మనమే పెంచుకున్నట్టు. ఇమిడాక్లోప్రిడ్‌కు సుడిదోమ లొంగడం లేదని 20 ఏళ్ల కిందటే ఆసియా దేశాల్లో బయటపడింది. ఆ కబురు మా ఊరి షాపుదాకా ఎందుకు రాలేదు?

పైగా పైరిథ్రాయిడ్ అనే ఇంకో రకం పురుగుమందు కలిపి కొట్టమంటారు. దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు దానికి చచ్చిపోయి దోమ ఇంకా పెరుగుతుంది. ఇది చెప్పేవాళ్లు ఒక్కరైనా ఉండాలి కదండీ! పైమెట్రోజిన్, ట్రైఫ్లుమెజోపైరిమ్ వేరే తీరున పనిచేస్తాయట. వాటినీ వరసగా కొట్టిస్తే రేపు వాటికీ ఇదే గతి.

మందు ఏ గ్రూపుదో సీసా మీద, బిల్లు మీద తెలుగులో పెద్దగా వేయించండి. మా చేలల్లో దోమ ఏ మందుకు చస్తుందో రాగోలు పరిశోధన స్థానంలో పరీక్ష చేయించి రైతు సేవా కేంద్రంలో బోర్డు పెట్టించండి. దోమ తగ్గాలంటే ప్రతి 2 మీటర్లకూ 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమన్నారు, వదిలాం. యూరియా తగ్గించమన్నారు, తగ్గించాం. ఇక మీ వంతు మిగిలింది.

ఈసారి దోమ ఎక్కకముందే ఎవరినైనా పంపండి, దండం పెడతాను. చేలోకి దిగి దుబ్బు విడదీసి నేనే చూపిస్తాను.

ఇట్లు,
ఒక వరి రైతు, శ్రీకాకుళం జిల్లా