పత్తి చేను వదిలి పదకొండింటి ఆటకు ఎవరొస్తారు? సినిమాటోగ్రఫీ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులు శ్రీ కోమటిరెడ్డి వెంకట్ రెడ్డి గారికి,
రోడ్లు, భవనాలు, సినిమాటోగ్రఫీ శాఖల మంత్రి, తెలంగాణ.

నమస్కారం.

నేను సినిమాల్లో సౌండు పని చేస్తాను. కృష్ణానగర్‌లో అద్దెకుంటున్నాను. సొంతూరు మీ జిల్లానే, దేవరకొండ దిక్కు ఒక తండా. పెద్ద సినిమాల మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా ఆరుగురు దోస్తులం కలిసి, మూడేళ్లు పట్టి, మా గోర్ బోలీలో, అంటే లంబాడీల భాషలో, ఒక సినిమా తీశాం. 74 నిమిషాలు. గొప్ప సినిమా అని చెప్పను. సెకండాఫ్‌లో పది నిమిషాలు కోసేయొచ్చని నాకే అనిపిస్తుంది, మా ఎడిటర్ మాత్రం ఒప్పుకోడు.

కథ చాలా చిన్నది. హైదరాబాద్ హాస్టల్లో చదివే పిల్ల సెలవులకు తండాకొస్తుంది. తిరిగి వెళ్లే రోజు యాడి, అంటే మా భాషలో అమ్మ, బస్టాండు దాకా వస్తానంటుంది. ఫేటియా (మా లంగా), కాంచళి (రవిక), ముంజేతి నిండా గాజులతో వస్తే తోటి పిల్లలు చూస్తారని బిడ్డకు టెన్షన్. వద్దంటుంది. అంతే.

యాడి పాత్ర వేసింది మా మేనత్త. ఆమె చెయ్యి కదిలినప్పుడల్లా గాజుల చప్పుడు మైకులో పడి మాట మింగేసేది. ఒక్క సీనుకు తీసేయమన్నాను. "నా పెండ్లినాటి నుంచి తీయలేదు, నీ డబ్బా కోసం తీస్తానా?" అంది. చివరికి గాజు గాజుకీ మధ్య దూది పెట్టి, పైన టేపు చుట్టి షూట్ చేశాం. తర్వాత ఆర్.ఆర్. (రీ-రికార్డింగ్) చేస్తున్నప్పుడు అర్థమైంది, ఆ చప్పుడు లేకపోతే ఆ మనిషే లేదని. మళ్లీ తండాకెళ్లి గాజుల శబ్దం విడిగా రికార్డు చేసుకొచ్చి కలిపాం.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, తెలుగు సినిమాలో మేం కనిపించని వాళ్లమేం కాదు. అద్దాల లంగాలేసుకుని హీరో వెనక డాన్సు చేసే గుంపులో కనిపిస్తూనే ఉంటాం. ఆ బట్టల్లో ఉన్నవాళ్లకు మా మాట ఒక్కటీ రాదు. అలాంటి ఒక పాట షూటింగులో ప్లేబ్యాక్ నొక్కింది నేనే, కాబట్టి ఎవరినీ తప్పుపట్టే హక్కు నాకు పెద్దగా లేదు.

సినిమా తయారైంది, సెన్సారూ అయింది. అసలు కష్టం అక్కడ మొదలైంది.

మాకు దగ్గరున్న టౌనులో ఒక థియేటర్‌కు వెళ్లాం. పేరు అనవసరం, మేనేజరు మంచివాడే. మన దగ్గర చాలా థియేటర్లు అద్దె లెక్కన నడుస్తాయని మీకు తెలుసు. జనం వచ్చినా రాకపోయినా సినిమా వేయించేవాళ్లు అద్దె కట్టాల్సిందే. దానికి తోడు డిజిటల్ ప్రొజెక్షన్ వాళ్లకు వేరే కట్టాలి. 2025 మే నెలలో థియేటర్లు నడిపే ఎగ్జిబిటర్లే ఈ అద్దె పద్ధతి వద్దు, వసూళ్లలో పర్సంటేజీ ఇవ్వండి, లేకపోతే జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామన్నారు. ఆ గొడవ పెద్ద సినిమాలది. మాలాంటి వాళ్ల మాట అందులో ఎవరూ ఎత్తలేదు, ఎత్తుతారని మేమూ అనుకోలేదు.

బతిమాలితే నవంబర్లో ఒక మంగళవారం పొద్దున పదకొండు గంటల ఆట ఇచ్చారు. నవంబర్ అంటే పత్తి తీసే కాలం. మా తండా ఆడవాళ్లు ఆ టైముకు చేనులో నడుముకు గుడ్డ కట్టుకుని పత్తి ఏరుతుంటారు. మగవాళ్లలో సగం మంది హైదరాబాద్‌లో ఆటో తోలుతుంటారు. పదకొండు మంది వచ్చారు. అందులో ముగ్గురు మా టీమే. సాయంత్రం మేనేజరు నా భుజం తట్టి, "ఇట్లాంటివి చూసేటోళ్లు లేరు తమ్మీ" అన్నాడు.

మేలో పెళ్లిళ్లకని అందరూ ఊరికొచ్చినప్పుడు అదే సినిమాను తండాలో వేశాం. సేవాలాల్ గుడి ముందు రెండు కట్టెలు పాతి, తెల్లగుడ్డ కట్టి, అద్దె ప్రొజెక్టరుతో రాత్రి ఎనిమిదింటికి మొదలుపెట్టాం. ముసలోళ్లకు మంచాలు, మిగతావాళ్లకు పట్టాలు. సినిమా మొదలైన నాలుగో నిమిషంలో తెర మీది యాడి "యే ఛోరీ", ఓ పిల్లా, అని కేకేస్తుంది. ముందు వరసలో కూర్చున్న ముగ్గురు ఆడపిల్లలు తల తిప్పి వెనక్కి చూశారు, తమనే పిలిచారనుకుని. నేను స్పీకర్ పక్కన నిలబడి చూశాను. పదిహేనేళ్లుగా సౌండు పని చేస్తున్నాను, నేను రికార్డు చేసిన గొంతుకు ఎవరైనా తల తిప్పడం అదే మొదటిసారి.

పక్కూరి వాళ్లూ వచ్చారు. తండాకీ ఊరికీ మధ్య ఒక్క కిలోమీటరు దూరం, ఎడ్లు కొనడానికో అప్పు వసూలుకో తప్ప అటువాళ్లు ఇటు రారు. కింద తెలుగు సబ్‌టైటిల్స్ ఉన్నాయి. మధ్యలో ఒక పెద్దాయన నన్ను పిలిచి, "నేనిన్నేండ్లు మీరు మాట్లాడేది ఖరాబు హిందీ అనుకుంటున్న, కాదా?" అని అడిగాడు. కాదు తాతా అన్నాను. అయితే సినిమా అయ్యేదాకా కూర్చుంటా అన్నాడు.

కూర్చోవడం కుదరలేదు. నలభై నిమిషాలకు గాలివాన వచ్చింది. ప్రొజెక్టర్ మీద గోనెసంచి కప్పి అందరం పరుగెత్తాం. పక్కూరి రైతు వేదిక, అంటే రైతుల మీటింగులకు సర్కారు కట్టిన హాలు, రోడ్డు మీదే ఉంటుంది. గోడలున్న హాలు, కరెంటు, కుర్చీలు అన్నీ ఉన్నాయి. తాళం వేసి ఉంది. తాళం చెవి ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) సారు దగ్గర, ఆయన ఊళ్లో లేరు. ఆయన తప్పేమీ లేదు, రాత్రి తొమ్మిదింటికి రైతు వేదిక తీయాలని ఆయన ఉత్తర్వుల్లో ఎక్కడా ఉండదు. వరండాలో నలభై మంది తడుస్తూ నిలబడ్డారు. క్లైమాక్స్ ఎవరూ చూడలేదు.

మంత్రి గారూ, ఈ రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు. వాటిలో కొన్నింటిలో అధికారులు రైతులతో వీడియో కాన్ఫరెన్స్‌లో మాట్లాడటానికి 2024 నుంచి తెరలు కూడా పెట్టారు. సినిమాలూ, భవనాలూ ఒకే మంత్రి చేతిలో ఉండటం నాకైతే అదృష్టమే అనిపిస్తోంది. రైతు వేదికలు వ్యవసాయ శాఖవి, నిజమే. మీరు ఒక్క ఫోన్ చేస్తే వినని శాఖా?

"ఇప్పుడు అందరి చేతిలో ఫోన్లున్నాయి, యూట్యూబ్‌లో పెట్టుకోండి" అని మీ ఆఫీసులో ఎవరైనా అనొచ్చు. పెట్టాం కూడా, కొన్ని ముక్కలు. కానీ 2023లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. "బలగం" మార్చిలో విడుదలైంది, ఆ నెలలోనే ఓటీటీలోకీ వచ్చేసింది. ఫోన్లో చూడాలనుకున్నవాళ్లు ఇంట్లో కూర్చుని చూడొచ్చు. అయినా ఊరూరా పంచాయతీ ముందు తెర కట్టి, ఊరంతా చాపలు పరుచుకుని చూసింది. అనుమతి లేకుండా వేస్తున్నారని ఫిర్యాదుల దాకా కూడా వెళ్లింది. చావింట్లో కాకి ముట్టని ముద్ద కథ చూసి విడిపోయిన అన్నదమ్ములు మాట్లాడుకున్నారని అప్పట్లో పేపర్లు రాశాయి. ఫోన్లో ఒక్కడే చూసినవాడు పక్కవాడి వైపు ఎట్లా తిరుగుతాడు?

ఓటీటీ వాళ్ల దగ్గరికీ వెళ్లాం. సినిమా నచ్చిందన్నారు. సిరీస్‌గా ఐదు ఎపిసోడ్లు చేయగలరా అన్నారు. చేస్తామన్నాం. "అయితే తెలుగులో తీయండి, పాటలు మాత్రం మీ భాషలో ఉంచండి" అన్నారు. మళ్లీ మమ్మల్ని పాటలోకే పంపారు.

తెలంగాణ యాసను విలన్లకూ కమెడియన్లకూ ఇచ్చారని మనం ఎన్నేళ్లు మొత్తుకున్నాం? మీరూ తెలంగాణ ఉద్యమంలో ఉన్నవారే. ఇప్పుడు ఆ యాసలో హీరోలు మాట్లాడుతున్నారు, జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి గంగవ్వ తన మాటతోనే దేశమంతా తెలిసింది. మంచిదే. కానీ మన యాసకు జరిగిన అన్యాయం మనకు అర్థమైనంత తొందరగా, మన పక్కనున్న భాషలకు మనం చేస్తున్నది అర్థం కావడం లేదు. గోర్ బోలీ, గోండీ, కోయ, కొలామీ తెలంగాణ భాషలు కావా? పాతబస్తీ దక్కనీ ఉర్దూనే తీసుకోండి. ఆ భాషలో "ది అంగ్రేజ్" సినిమా వచ్చినప్పుడు చార్మినార్ దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకునే కుర్రాళ్ల భాషకు హైదరాబాద్ మొత్తం పడి నవ్వింది. ఆ డైలాగులు ఇప్పటికీ కాలేజీల్లో వినిపిస్తాయి. ఆ తర్వాత ఆ భాషకు సర్కారు నుంచి ఒక్క పలకరింపైనా వచ్చినట్టు నేను వినలేదు.

మనకు ఈ సంప్రదాయం కొత్తదేం కాదు. "మా భూమి"లో బండెనక బండి కట్టి పాడిన గద్దర్ పేరు మీదే మీరు అవార్డులు పెట్టారు. 1988లో బి. నర్సింగరావు తీసిన "దాసి"కి ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. అర్చనకు ఉత్తమ నటి, వైకుంఠం గారికి కళా దర్శకత్వం. దొర గడీలో మాట్లాడే హక్కే లేని ఒక ఆడమనిషి చుట్టూ తిరిగే సినిమా అది. దాని గురించి ప్రసంగాలు చాలా విన్నాను. దాన్ని మా జిల్లాలో ఏ ఊళ్లోనైనా తెర మీద వేశారా? నేను హైదరాబాద్‌లో ఒక చిన్న ప్రివ్యూ హాల్లో చూశాను. గడీలు ఇంకా నిలబడి ఉన్న ఊళ్లలో దాన్ని చూడాల్సినవాళ్లు ఉన్నారు.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దళిత మహిళా రైతులు ఇరవై ఏళ్ల పైనుంచి కెమెరా పట్టి సినిమాలు తీస్తున్నారు. వాళ్ల గురించి నాకు చెప్పింది మా కెమెరామన్. వాళ్లు షాట్లకు సొంతంగా పేర్లు పెట్టుకున్నారు. ఒకరు పైన, ఒకరు కింద ఉన్నట్టు చూపే కోణాలకు దొర, బానిస లెక్కన పేర్లు. కంటికి కన్ను సమానంగా పెట్టి తీసేది మాత్రం "సంఘం షాట్". సంఘంలో అందరూ కిందే, ఒకే ఎత్తులో కూర్చుంటారు కాబట్టి. ఫిల్మ్ స్కూల్లో లక్షలు కట్టి చదివిన మా కెమెరామన్, ఇది తనకు ఎవరూ నేర్పలేదని తల పట్టుకున్నాడు. మా సినిమా దాదాపు అంతా సంఘం షాట్లలోనే తీశాం.

కేరళతో పోలిస్తే మీకు కోపం రావచ్చు, అయినా చెప్పాలి. అక్కడి చలనచిత్ర అభివృద్ధి సంస్థ మహిళా దర్శకులకు, ఎస్సీ ఎస్టీ దర్శకులకు సినిమాకు కోటిన్నర దాకా ఇస్తోంది. 2024 మార్చిలో సీస్పేస్ అని సర్కారు సొంత ఓటీటీ పెట్టింది. ఆ కోటిన్నర సంగతి వదిలేయండి. నా కన్ను పడింది ఇంకోదాని మీద. తిరువనంతపురంలో కైరళి, శ్రీ, నిళ అని థియేటర్లున్నాయి, అవి ఆ సంస్థవే. అంటే సర్కారు డబ్బుతో తీసిన సినిమాకు సర్కారు తెరే ఉంది. ఇక్కడ మీరు రేపు కోటిన్నర ఇచ్చినా, ఆ సినిమా మళ్లీ మంగళవారం పదకొండింటికే పోతుంది.

మన దగ్గర భవనాలు లేక కాదు. రవీంద్రభారతిలో పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ ఉంది. అక్కడ 2016లో మొదలైన "సినీవారం" శనివారం శనివారం కొత్త కుర్రాళ్ల షార్ట్ ఫిల్ములు వేసింది, నేనూ రెండుసార్లు వెళ్లాను. హన్మకొండలో కాళోజీ కళాక్షేత్రం 2024లో తెరిచారు. బంజారాహిల్స్‌లో 2022లో సేవాలాల్ బంజారా భవన్, కుమ్రం భీం ఆదివాసీ భవన్ కట్టారు, చాలా బాగున్నాయి. పెళ్లిళ్లకూ మీటింగులకూ ఇచ్చినట్టే, నెలలో రెండు రాత్రులు సినిమాకు ఇవ్వండి. రాత్రులు అని ఎందుకంటున్నానో మీకీపాటికి తెలిసింది. మండలాల్లో రైతు వేదికలు. టికెట్ పెట్టకండి, ఆటకు ఐదు వేలో ఆరు వేలో తీసినవాళ్ల చేతికివ్వండి. తెలుగు సబ్‌టైటిల్స్ వేయించే ఖర్చు భరించండి, అది పెద్ద ఖర్చేం కాదు. పక్కూరి తాత కోసం అది.

ఏ సినిమా వేయాలో ఎంచడానికి కమిటీ వేస్తారు, తప్పదు. అందులో రిటైర్డ్ ఆఫీసర్లే కాకుండా పస్తాపూర్ ఆడవాళ్లను కూడా కూర్చోబెట్టండి. హిజ్రాల మీద సినిమా అయితే హిజ్రాలను అడగండి. "మంచి సందేశం" ఉన్నవే కావాలని మాత్రం షరతు పెట్టకండి. మా సినిమాలో సందేశం ఏమీ లేదు, ఒక పిల్ల తల్లిని చూసి సిగ్గుపడటం ఉంది. ప్రారంభోత్సవానికి ఫ్లెక్సీలు కట్టకపోతే ఆ డబ్బుతో ఇంకో నాలుగు ఆటలు పడతాయి.

ఈ శ్రావణంలో మా తండాలో తీజ్ చేస్తాం. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోసి పెంచుతారు, ఆఖరి రోజు చెరువులో కలుపుతారు. ఆ రాత్రి సినిమా మళ్లీ వేస్తున్నాం, ఈసారి క్లైమాక్స్ దాకా. తెర, ప్రొజెక్టర్, స్పీకర్లు మేమే తెచ్చుకుంటాం. శ్రావణం కాబట్టి వాన రావచ్చు. రైతు వేదిక తాళం చెవి కోసం ఎవరికి దరఖాస్తు పెట్టుకోవాలో ముందుగా తెలియజేయగలరు.

ఇట్లు,
మీ జిల్లా తండాకు చెందిన ఒక సౌండు మనిషి