పులస గుడ్లు పెట్టే రోజుల్లో వేట ఆపండి: మత్స్యశాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ కమిషనర్ గారికి,

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో అమలయ్యే 61 రోజుల వేట నిషేధం పులసకు పెద్దగా అక్కరకు రాదు; ఎందుకంటే సముద్రంలో ఇలసగా పెరిగే ఈ చేప, వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు (వరదనీరు) వచ్చాకనే గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దాని దారికి అడ్డుపడుతుంది కనుక ఇక మిగిలింది దిగువ పాయలే, వలలు పరిచేదీ అక్కడే. ఒక్కో ఆడచేప కడుపులో లక్షల గుడ్లుంటాయి. మన మోజూ, నాతో సహా, ఆ గుడ్ల చేపమీదే.

ఇదే చేప కోసం బంగ్లాదేశ్ అక్టోబరు పౌర్ణమి దరిదాపుల్లో 22 రోజులు వేట ఆపి, జాలర్లకు బియ్యం ఇస్తోంది. ఇక్కడా గుడ్లు ముమ్మరంగా పెట్టే రోజుల్లో, భృతితో కూడిన స్వల్ప విరామం ప్రకటించాలనీ, అంతకంటే ముందు, సముద్రానికి తిరిగివెళ్లే చేపపిల్లలను ఊడ్చేసే సన్నకన్ను వలలను అరికట్టాలనీ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక గోదావరి తీరవాసి