బోర్డుకు అనుమతి సరే, ఎక్కేవాడికి రక్షణేదీ?

సంపాదకులకు నమస్కారం.

2024 మే 13న ముంబయి ఘాట్‌కోపర్‌లో పెట్రోలు బంకు మీద హోర్డింగు కూలి 17 మంది చనిపోయారు. అప్పట్నుంచి ఈదురుగాలుల కాలం వచ్చిందంటే పత్రికల్లో హోర్డింగుల మాట వస్తోంది. రావాలి కూడా. కాకపోతే ఆ మాటంతా కింద నడిచేవాళ్ళ గురించే. పైకెక్కి బోర్డు బిగించేవాడి గురించీ, అంతకుముందు మూసిన గదిలో దాన్ని ప్రింటు తీసినవాడి గురించీ ఒక్క ముక్క కనబడదు. విశాఖ అల్లిపురం, డాబాగార్డెన్స్ వీధుల్లో సైన్‌బోర్డు పని మీదే బతుకుతున్నవాణ్ణి గనక నేనే రాస్తున్నాను.

షాపు ముహూర్తం రేపు పొద్దున్న అంటే బోర్డు ఈ రాత్రికే ఎక్కాలి. పగలు నిచ్చెన వేస్తే ట్రాఫిక్ వాళ్ళూ ఊరుకోరు, పక్క షాపు వాళ్ళూ ఊరుకోరు. అంచేత ఫిట్టింగులు చాలావరకు రాత్రి పది దాటాకే. ఫ్రేముకు వాడే ఇనప పైపు 20 అడుగుల పొడవుంటుంది. 11 కేవీ కరెంటు లైనుకూ మేడకూ మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్లు, అంటే నాలుగడుగులు, ఎడం ఉండాలని విద్యుత్ భద్రతా నిబంధన. ఆ ఎడం అంతా సరిగ్గా ఉందనే అనుకుందాం. నాలుగడుగుల సందు పక్కన, నిచ్చెన మీద నిలబడి, ఇరవై అడుగుల పైపును తిప్పి నిలబెట్టాలి. సముద్రం గాలి ఒక్కసారి విసిరితే పైపు కొస ఎటు పోతుందో పట్టుకున్నవాడికే తెలియదు. హుద్‌హుద్ తుఫాను తరవాత కొన్ని రోడ్లలో కేబుళ్ళు భూమిలోకి వెళ్ళాయి, ఆ మేరకు మేలే. లోపలి వీధుల్లో తీగలు మాత్రం ఇంకా మేడల పక్కనే వేలాడుతున్నాయి.

నిజానికి లైన్‌మన్ ద్వారా ఎల్సీ (లైన్ క్లియర్) తీసుకుని, కరెంటు ఆపించి పని చేయాలి. ఒక చిన్న బోర్డు కోసం ఎల్సీ అడగడానికి ఎవరి దగ్గరికి వెళ్ళాలో మాలో చాలామందికి తెలియదు. తెలిసినా తెల్లారేలోపు పని కాదు. "ఏటీ అవదులే, ఎక్కీ" అంటాడు కింద నుంచి ఒకడు. ఎక్కేస్తాం.

కొత్తది ఎక్కించడం కన్నా పాతది దింపడం ప్రమాదం. మన ఉప్పుగాలికి పైపు పైకి రంగుతో బాగానే కనబడుతుంది, లోపల తుప్పు తినేసి ఉంటుంది. బీచ్ రోడ్డు వైపు మరీను. కాలు మోపే ముందు సుత్తితో కొట్టి చప్పుడు వింటాం. ఖంగుమంటే అడుగు వేస్తాం. డొల్లగా మోగితే ఆ పైపును వదిలి తాడు ఇంకోచోట కడతాం. మాకున్న తనిఖీ విధానం ఇదొక్కటే. సేఫ్టీ బెల్టు చాలా షాపుల్లో ఉంటుంది, కొత్తదనం పోకుండా మేకుకు వేలాడుతూ.

ఇక లోపలి పని. ఫ్లెక్స్ ప్రింటరుకు దుమ్ము పడకూడదు, అందుకని ఏసీ వేసి తలుపులు బిగిస్తారు. సాల్వెంట్ ఇంకు ఆవిరి ఆ గదిలోనే తిరుగుతుంది. ఎన్నికలప్పుడు, జాతరలప్పుడు కుర్రాళ్ళు ఆ మెషీన్ పక్కనే నిద్రపోతారు. పొద్దున్న లేస్తే తలపోటు, వికారం. ముక్కుకు కట్టుకునే గుడ్డ మాస్కు దుమ్మును కొంత ఆపుతుందేమో గానీ ఆవిరిని ఆపదు, దానికి కార్బన్ ఫిల్టరున్నది కావాలి. యాక్రిలిక్ అక్షరాలు అతికించేవాడి సంగతి ఇంకోరకం. క్లోరోఫాం సిరంజిలోకి లాగి, సన్నటి సందులో చుక్కలు చుక్కలుగా దించాలి. చుక్క పక్కకు జారితే అక్షరం మీద తెల్లమచ్చ పడుతుంది, అందుకని ముఖం జానెడు దూరంలో పెట్టుకుని చేస్తాడు. అది మత్తుమందు, లివరును దెబ్బతీసే మందు. రోజంతా ఆ గాలే. పీవీసీ ఫోమ్ షీటును మాత్రం లేజర్ మెషీన్ మీద ఎవరూ కోయనివ్వరు, ఆమ్లపు పొగ వచ్చి మెషీన్ తుప్పు పడుతుందని. మెషీన్ మీద ఉన్న ఆ శ్రద్ధలో సగం చాలు మాకు.

వెల్డింగు అద్దం అడ్డం పెట్టుకోని రోజు రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు ఉంటుంది, బంగాళాదుంప ముక్కలు పెట్టుకుని పడుకుంటాం. యాభై కిలోల దాకా తూగే ఫ్లెక్స్ చుట్టను ఇద్దరు ఎత్తాల్సింది ఒక్కడే ఎత్తుతాడు. మాలో ఎవరి ఎడమచేతి చూపుడువేలు చూసినా కట్టర్ గాటు ఉంటుంది. ఇవి మేం చెప్పుకోం కూడా.

2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి ఫ్లెక్సీల నిషేధం ప్రకటించింది మన విశాఖలోనే. పర్యావరణం గురించి, యజమానుల మెషీన్ అప్పుల గురించి బోలెడు చర్చ జరిగింది. ఆ ఇంకు పీల్చేవాళ్ళ ఊపిరి సంగతి ఎవరైనా ఎత్తినట్టు నాకు గుర్తులేదు. యజమానులను తప్పుపట్టి లాభం లేదు, వాళ్ళలో సగంమంది మాతోపాటు నిచ్చెన పట్టుకునేవాళ్ళే. ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) తప్పనిసరి కావాలంటే మామూలుగా పదిమంది పనివాళ్ళుండాలి. మా షాపుల్లో నలుగురైదుగురు ఉంటారు. ఫిట్టర్లయితే చదరపు అడుగు లెక్కన కూలి తీసుకునేవాళ్ళు, ఏ రిజిస్టర్లోనూ ఉండరు. మల్కాపురంలో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉన్నా, కిందపడ్డవాణ్ణి పెద్దాసుపత్రి కేజీహెచ్‌కే మోసుకెళతాం.

జీవీఎంసీ (మన నగరపాలక సంస్థ) బోర్డుల మీద ప్రకటన రుసుము తీసుకుంటుంది. అనుమతి కాగితం మీదే కరెంటు లైను ఎంత దూరంలో ఉందో రాయించాలి. దగ్గరుంటే ఎల్సీ తేదీ, సమయం కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ ఇచ్చాకే బిగించాలని షరతు పెట్టాలి. రుసుము కట్టిన చోటే ఎల్సీ అర్జీ కూడా తీసుకుంటే మాకు తిరుగుడు తప్పుతుంది. ట్రేడ్ లైసెన్సు రెన్యూవల్‌కు వచ్చినప్పుడు ప్రింటు గదిలో ఎగ్జాస్ట్ గొట్టం బయటికి ఉందో లేదో ఒకసారి తొంగిచూస్తే చాలు. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. ఫిట్టర్లందరి చేత అది కట్టించే బాధ్యత షాపుల మీద పెట్టాలి. వచ్చే రెన్యూవళ్ళ లోగానే జీవీఎంసీ, ఈపీడీసీఎల్ అధికారులు మా షాపుల వాళ్ళనూ ఫిట్టర్లనూ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక సైన్‌బోర్డు ఫిట్టర్, అల్లిపురం, విశాఖపట్నం
(పేరు ప్రచురించవద్దని మనవి)