అంగరక్షకుడు వద్దంటే ఆగాలి

సంపాదకులకు,

ప్రముఖుల భద్రతపై చర్చ వచ్చినప్పుడల్లా ఎవరికి ఏ కేటగిరీ, ఎంతమంది గన్‌మెన్లు అన్న లెక్కల దగ్గరే ఆగిపోతున్నాం. ఆ గన్‌మెన్ మాట ఎంతవరకు చెల్లుతోందో ఎవరూ అడగరు.

1981 మార్చి 30న వాషింగ్టన్‌లో అమెరికా అధ్యక్షుడు రీగన్‌పై కాల్పులు జరిగాయి. అధ్యక్షుడి భద్రత చూసే సీక్రెట్ సర్వీస్ అధికారి టిమ్ మెకార్తీ అడ్డంగా నిలబడి కడుపులో తూటా దెబ్బ తిన్నారు. ఆ సాహసం అందరికీ గుర్తుంది. జెర్రీ పార్ అనే మరో అధికారి రీగన్‌ను కారులోకి తోసి వైట్‌హౌస్‌కు బయల్దేరారు. తూటా తగిలిందని అప్పటికి రీగన్‌కే తెలియదు. ఆయన నోటి వెంట రక్తం రావడం చూసి పార్ కారును ఆసుపత్రికి మళ్లించారు. రీగన్ బతికింది ఆ నిర్ణయం వల్లే. ఆ నిర్ణయం తీసుకునే అధికారం పార్‌కు ఉంది.

1991 మే 21న శ్రీపెరుంబుదూర్‌లో జరిగింది వేరు. మీదకు వస్తున్న జనాన్ని ఆపబోతే రాజీవ్ గాంధీయే తనను వారించారని అక్కడ విధుల్లో ఉన్న మహిళా ఎస్సై తర్వాత చెప్పారు. క్షణాల్లో బాంబు పేలింది. ఆయనతోపాటు పలువురు పోలీసులూ ప్రాణాలు కోల్పోయారు. జనంలో కలవాలని నాయకుడు కోరుకోవడం తప్పు కాదు, అలాంటి నాయకులే కావాలి కూడా. కానీ ఆ ముప్పు ఆయన ఒక్కరిదే కాదు, పక్కన నిలబడ్డవాళ్లందరిదీ.

2022 జులైలో జపాన్‌లోని నారాలో ఆ దేశ మాజీ ప్రధాని షింజో అబే ప్రసంగిస్తుంటే వెనుకవైపు కాపలా సరిగా లేకపోయింది. మొదటి కాల్పు తగల్లేదు. రెండోదానికి మధ్య రెండున్నర సెకన్లు దొరికినా ఎవరూ ఆయన్ను కిందకు లాగలేకపోయారు. సభాస్థలిని ముందే చూసి వెనుకవైపు ముప్పును పసిగట్టాల్సింది.

1984లో ఇందిరా గాంధీని కాల్చింది సొంత అంగరక్షకులే కదా అని కొందరు అనవచ్చు. నిజమే. అందుకే వారి ఎంపిక కట్టుదిట్టంగా ఉండాలి. ఒకసారి నమ్మి పక్కన పెట్టుకున్నాక మాత్రం వారి మాట వినాలి. వారి చేత సంచులు, ఫోన్లు మోయించడం ఆపాలి. తుపాకీ తీయాల్సిన చేతిలో గొడుగెందుకు?

నేను కోరేది ఒక్కటే. ఏ సభకైనా భద్రతాధికారి చెప్పిన అభ్యంతరాన్ని రాతపూర్వకంగా నమోదు చేయాలి. దాన్ని కాదన్నవారు, ఎంత పెద్దవారైనా, కింద సంతకం పెట్టాలి. రేపు ఏదైనా జరిగితే, కానిస్టేబుల్‌ను సస్పెండ్ చేసే ముందు అధికారులు ఆ కాగితం చూడాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు