ఆ టేబుల్ ఎవరిదో కూడా రాయండి

సంపాదకుడు గారికి,

మొన్న ఆదివారం సంచికలో చండీగఢ్ మీద వ్యాసం బాగుంది. ఆ ఊరికి ప్లాన్ గీసిన ఆర్కిటెక్ట్ లె కార్బూజియే 1965లో ఫ్రాన్స్‌లో ఈతకు దిగి సముద్రంలోనే చనిపోయాడని కూడా రాశారు, కానీ ఆ ఒడ్డునే ఉన్న తెల్ల ఇంటి గురించి ఒక్క ముక్క లేదు. ఆ ఇల్లు కట్టింది ఐలీన్ గ్రే అనే డిజైనర్, పైన నేనన్న టేబుల్ కూడా ఆమెదే.

ఐర్లండ్‌లో 1878లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన ఈమె ఇళ్లు కట్టడం ఏ కాలేజీలోనూ చదవలేదు. మొదట సుగవారా అనే జపాన్ ఆయన దగ్గర లక్క పని నేర్చుకుంది. మన ఏటికొప్పాక బొమ్మలకు వాడే లక్క పురుగు నుంచి వస్తుంది, వాళ్లది చెట్టు పాలు, ఒంటికి తగిలితే దద్దుర్లే. ఆమె చేతులు పాడైనా ఆ పని వదల్లేదు. అప్పట్లో చేసిన కుర్చీ ఒకటి 2009 వేలంలో 2 కోట్ల 19 లక్షల యూరోలు పలికింది. కుర్చీయే!

ఆ ఇంటి పని 1926లో మొదలుపెట్టేనాటికి ఆమెకు యాభై దగ్గర పడుతున్నాయి. 1929కి పూర్తయింది. పేరు ఈ-1027. ఈ అంటే ఐలీన్, 10 అంటే ఇంగ్లిష్‌లో పదో అక్షరం జె, 2 బి, 7 జి. తన పేరు మధ్యలో స్నేహితుడు జాన్ బడోవిచిని పెట్టుకుందన్నమాట. తర్వాత ఆమె అక్కడి నుంచి వెళ్లిపోయింది. 1938, 39ల్లో కార్బూజియే వచ్చి ఆమెను మాట మాత్రం అడక్కుండా ఆ గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేశాడు. బట్టల్లేకుండా నిలబడి రంగులేస్తున్న ఫోటో కూడా ఉంది. ఆమెకు ఒళ్లు మండదా మరి! పైగా తర్వాత చాలామంది ఆ ఇల్లే ఆయన కట్టాడనుకున్నారు. ఆ బొమ్మలు ఉన్నాయనే ఇల్లు కూలిపోకుండా కాపాడారని కొందరంటారు, అదీ నిజమే కావచ్చు, నాకు మాత్రం మింగుడు పడదు.

మా ఇంట్లో మంచం పక్కన గాజు పలక, స్టీలు గొట్టాల టేబుల్ ఒకటుంది. కాలు మంచం కిందికి పోతుంది, ఎత్తు పెంచుకోవచ్చు, నేను పొద్దున కాఫీ, పేపరు దాని మీదే పెట్టుకుంటాను. మంచం మీద టిఫిన్ తినే తోబుట్టువు కోసం ఆమె ఆ రకం టేబుల్ చేసిందంటారు. మాది నకలే లెండి. ఎవరి డిజైన్ అని కొట్టతన్ని అడిగితే "ఇటాలియన్ అమ్మా" అన్నాడు.

అతన్నంటే ఏం లాభం, మీరు రాస్తే కదా తెలిసేది. ఈసారి ఆ ఇంటి ఫోటో వేసినప్పుడు కింద ఆమె పేరు వెయ్యండి.

ఒక పాఠకురాలు,
విజయవాడ